పురుషుల సంతాన సామర్థ్యం – వయసు

స్త్రీలలో అండాల నిల్వ పుట్టుకతోనే ఏర్పడి తరుగుతూ పోతుంది. పురుషుడిలో వీర్యకణాల ఉత్పత్తి యవ్వనారంభం నుంచి ముసలితనం దాకా సాగుతుంది. అయితే వయసు ప్రభావం పురుషుల మీద లేదనుకోవడం పొరపాటు. నలభై దాటాక వీర్యం పరిమాణం, కణాల చలనం క్రమంగా తగ్గుతాయి. వాటి డీఎన్‌ఏలో లోపాలు పెరుగుతాయి. తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డలో కొత్త ఉత్పరివర్తనలు సగటున రెండు పెరుగుతాయని అంచనా.

ఉత్పత్తి: వృషణాలలో ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, వృషణాన్ని ఆనుకుని ఉండే ఎపిడిడైమిస్ అనే నాళంలో పక్వమవడానికి మరో పది పన్నెండు రోజులు పడుతుంది. అందుకే అలవాట్లు మార్చుకున్న ఫలితం మూడు నెలలకు గాని కనిపించదు. వృషణాలకు శరీరం కన్నా 2–4 డిగ్రీలు తక్కువ వేడి కావాలి.

పరీక్ష: 2–7 రోజుల సంయమనం తర్వాత నమూనా ఇస్తారు. చిక్కగా ఉన్న వీర్యం అరగంటలో పలచబడ్డాక సూక్ష్మదర్శిని కింద కణాలను లెక్కిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, 42 శాతం చలనం కనీస స్థాయి.

సంరక్షణ: పొగాకు, అతిమద్యం మానడం, బరువు, మధుమేహం అదుపులో ఉంచుకోవడం ముఖ్యం. కండల కోసం వాడే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వీర్యకణాల ఉత్పత్తిని అణచివేస్తాయి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే దంపతులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. వృషణ సిరలు ఉబ్బే వేరికోసిల్‌కు శస్త్రచికిత్స ఉంది.

చట్టం: భారతదేశపు 2021 చట్టం ప్రకారం కృత్రిమ గర్భధారణ సేవలకు పురుషుల వయోపరిమితి 55 ఏళ్లు.