మార్కండేయ పురాణ పటం

మార్కండేయ పురాణ పటం తెలంగాణ నకాషీ చిత్రకళలో ఒక కథాపటం. యమపాశం నుంచి బాల మార్కండేయుణ్ణి శివుడు కాపాడటం, ఆ వంశంలో పద్మశాలీలు పుట్టిన తీరు ఇందులో వరుస బొమ్మలుగా ఉంటాయి. ఈ పటాలకు పేరుపడ్డ చేర్యాల 2016 జిల్లాల పునర్విభజన వరకు వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది.

కథ

మృకండు మహర్షి, మరుద్వతి దంపతులకు శివుడి వరంతో పుట్టిన మార్కండేయుడికి పదహారేళ్లే ఆయుష్షు. గడువు తీరిన నాడు అతడు శివలింగాన్ని కావలించుకున్నాడు. యముడు విసిరిన పాశం లింగాన్నీ చుట్టేసింది. శివుడు లింగాన్ని చీల్చుకొని వచ్చి యముణ్ణి పడదన్నాడు. ఎల్లోరా శిల్పాల్లోనూ ఈ ఘట్టం ఉంది. పద్మశాలీల కులపురాణం అక్కడితో ఆగదు. బతికిన మార్కండేయుడి యజ్ఞంలో భావనారుషి పుట్టి, తామరతూడు నారతో దేవతలకు బట్ట నేశాడని, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడని చెబుతుంది.

తయారీ

ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, చెట్టుబంక కలిపిన పూత పూసి ఆరబెడతారు. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో గీతలు గీస్తారు. నేపథ్యం ఎక్కువగా ఎరుపు. దీపపు మసి నుంచి నలుపు తీసేవారు. దాదాపు మూడడుగుల వెడల్పు పటం నలభై అడుగులు దాటి సాగుతుంది. పూలతీగ అంచులు ఘట్టాలను విడదీస్తాయి.

కథకులు

నకాషీలు గీసిన పటాన్ని పద్మశాలీల ఆశ్రిత కులమైన కూనపులి వారు తమకు వంశపారంపర్య హక్కున్న మిరాశీ ఊళ్లలో విప్పి కథ చెబుతారు, పద్మశాలీల నుంచి త్యాగం అనే సంభావన పుచ్చుకుంటారు. ముదిరాజులకు కాకిపడగల వారు, మాదిగలకు డక్కలివారు ఇలాగే పటం కథలు చెబుతారు. పటం శిథిలమైతే శాస్త్రోక్తంగా నీటిలో కలిపే ఆచారం ఉంది.

ఐరోపా చిత్రాలతో పోలిక

ఐరోపాలో బరోక్ చిత్రకారులకు ఇలాంటి రక్షణ గాథలు ఇష్టమైన వస్తువు. రూబెన్స్ 1622 ప్రాంతంలో తైలవర్ణాల్లో వేసిన ‘పెర్సియస్, ఆండ్రోమెడా’ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉంది. సముద్ర రాక్షసుణ్ణి జయించిన వీరుడు బందీ అయిన రాకుమారిని చేరుకున్న ఒక్క క్షణమే ఆ చిత్రం. అక్కడ రక్షణే కథకు పతాక సన్నివేశం. నకాషీ పటంలో అది ఒక కులం చరిత్రకు ఆరంభం.

ఇటీవలి చరిత్ర

సినిమా, టీవీ వచ్చాక పటం కథలకు ఆదరణ తగ్గింది. చేర్యాలలో ధనాలకోట వైకుంఠం నకాష్ కుటుంబం ఈ కళను నిలబెట్టింది. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. పాత దక్కనీ పటాలు హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో ఉన్నాయి. కొనుగోలుదారులు ఇప్పుడు గోడకు పట్టే చిన్న చిత్రాలే అడగడంతో, పొడవైన పటంలోని ఘట్టాలు విడివిడిగా ఫ్రేముల్లోకి వస్తున్నాయి. వాటికి కథకుడి అవసరం లేదు.