వలీ లేనివారికి వలీ ఎవరు?

ఇస్లామీయ ధర్మశాస్త్రం దృష్టిలో కాజీ కేవలం తీర్పరి కాడు. అనాథలకు, మతిస్థిమితం లేనివారికి, వలీ లేని స్త్రీలకు అతడే సంరక్షకుడు. అయితే ఈ బాధ్యతను అతడు ఒంటరిగా మోయవలసిన పని లేదు. సాక్షుల నడవడిని విచారించి చెప్పడానికి ముజక్కీలు ఉండేవారు. బజారులో జరిగే అన్యాయాన్ని అరికట్టడానికి ముహ్తసిబు ఉండేవాడు. రోగుల కోసం హకీములు ఉండేవారు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో హైదరాబాదులో కట్టించిన దారుష్షిఫా ఆ పాత వ్యవస్థకు సాక్ష్యంగా పాతబస్తీలో నేటికీ నిలిచి ఉంది.

బ్రిటిషు పాలనలో ఈ వ్యవస్థ కుంచించుకుపోయింది. 1864లో ప్రభుత్వం కాజీల నియామకాన్ని మానివేసింది. 1880 నాటి కాజీల చట్టం ఆ నియామకాలను పునరుద్ధరించినా, వారికి న్యాయాధికారం గాని, పరిపాలనాధికారం గాని లేదని స్పష్టం చేసింది. తెలంగాణలో నేటికీ కాజీల నియామకం ఈ చట్టం కిందనే జరుగుతున్నది. కాజీ చేతిలో సియాహా మిగిలింది. సంరక్షకత్వం మాత్రం జారిపోయింది.

దీని ఫలితం 1970ల తర్వాత బయటపడింది. చమురు సంపదతో గల్ఫు దేశాల నుండి వచ్చిన వృద్ధులు దళారుల ద్వారా పాతబస్తీ పేద కుటుంబాల యువతులను నికాహ్ చేసుకొని, కొద్ది రోజులకే విడిచిపోసాగారు. నిర్ణీత కాలానికి కుదుర్చుకున్న వివాహం హనఫీ ఫిఖ్హ్ ప్రకారం చెల్లదు. అయినా బయటకు అన్నీ సక్రమంగానే కనిపించేవి: మహర్ ఉంది, సాక్షులు ఉన్నారు, వధువు ‘ఖుబూల్’ అన్నది. బాలిక విషయంలో వయసే నేరాన్ని బయటపెడుతుంది. యుక్తవయస్కురాలి విషయంలో ఆమె నోట పలికించిన అంగీకారమే ఆ నేరానికి ముసుగు అవుతుంది.

1991లో హైదరాబాదు నుండి ఢిల్లీ వెళుతున్న విమానంలో, ముసలి భర్త పక్కన ఏడుస్తున్న ఒక పసిపిల్లను పరిచారిక గమనించింది. ఆమె కారణం అడిగి, అధికారులకు తెలియజేసింది. ఇంటిలోనివారు, నికాహ్ చదివినవారు అడగని ప్రశ్నను ఒక పరాయి స్త్రీ అడిగింది.

ఆ తర్వాత ఇటువంటి ప్రశ్న వేసేవారు క్రమంగా పెరిగారు. కవయిత్రి జమీలా నిషాత్ 2002లో స్థాపించిన ‘షాహీన్’ సంస్థ పాతబస్తీ గల్లీలలోనే ఉండి బాధిత స్త్రీలకు అండగా నిలిచింది. 2016లో హైదరాబాదు పోలీసులు ప్రారంభించిన ‘భరోసా’ కేంద్రంలో పోలీసు, వైద్యుడు, న్యాయవాది, మానసిక సలహాదారు ఒకేచోట లభించారు. తన కష్టాన్ని నాలుగు కార్యాలయాలలో నాలుగుసార్లు చెప్పుకోవలసిన అవస్థ బాధితురాలికి తప్పింది. 2017 సెప్టెంబరులో పాతబస్తీ పోలీసులు ఒమన్, ఖతర్ దేశస్థులతో పాటు దళారులను, లాడ్జీల యజమానులను, ముగ్గురు కాజీలను కూడా అరెస్టు చేశారు. నేరానికి కూడా ఒక సమష్టి యంత్రాంగం ఉన్నదని ఆ జాబితాయే తెలిపింది. దళారి, లాడ్జీ యజమాని, కాజీ చేతులు కలిపినచోట పోలీసు ఒక్కడు, లేదా సేవిక ఒక్కతె, ఏమి చేయగలరు?

బలవంతంగా స్త్రీలకు వారసులు కావడం ధర్మసమ్మతం కాదని దివ్య ఖుర్‌ఆన్ (4:19) చెబుతున్నది. ఖన్సా బిన్త్ ఖిదామ్ (రజి) వయసు వచ్చిన స్త్రీ. తన తండ్రి తన ఇష్టానికి విరుద్ధంగా వివాహం చేశాడని ఆమె మొరపెట్టుకోగా, దైవప్రవక్త (సఅసం) ఆ వివాహాన్ని రద్దు చేశారు. ఆమె మాటను వినడమే అక్కడ జరిగిన మొదటి న్యాయం.

కాజీకి న్యాయాధికారం లేకపోయినా ఆ వినికిడి అతని చేతిలోనే ఉన్నది. సియాహా తెరవకముందే వధువును దళారికి, బంధువులకు దూరంగా కూర్చోబెట్టి, విశ్వసనీయురాలైన ఒక స్త్రీ ద్వారా ఆమె మనసు తెలుసుకోవచ్చు. అనుమానం కలిగితే కలం పక్కన పెట్టవచ్చు. వైద్యుడికి, వకీలుకు, పోలీసుకు కబురు చేయవచ్చు. పూర్వం ముజక్కీ, ముహ్తసిబు, హకీము కాజీకి తోడుగా ఉన్నట్లే నేడు వీరందరూ ఉన్నారు. వలీ లేనివారికి వలీగా నిలవడం వీరందరి ఉమ్మడి బాధ్యత.