బండి ముందు సైకిల్ మీద వెళ్ళిన మనిషి: మోటార్‌హోమ్ కథ

పోయిన ఆదివారం ఎపిసోడ్ రాలేదు, సారీ. ఆ రోజంతా నేను ఒక స్కూల్ పార్కింగ్‌లో ప్లాస్టిక్ బకెట్లు వరసగా పేరుస్తూ, అవి బండి కింద పడి పచ్చడయితే మళ్ళీ కొత్తవి పెడుతూ గడిపాను. ఎందుకు అంటే, ఇవాళ్టి టాపిక్కే అది.

మా ఫ్రెండ్ ఒకడు నార్త్ కరోలినాలో డర్హమ్ పక్కన ఉంటాడు. నాలుగేళ్ళుగా వాడికి 24 అడుగుల చిన్న మోటార్‌హోమ్ ఉంది. మోటార్‌హోమ్ అంటే మన షూటింగుల్లో హీరోలు కూర్చునే కారవాన్ లాంటిదే, కాకపోతే ఇక్కడ మామూలు కుటుంబాలు కొనుక్కుని, వంటా పడకా అన్నీ అందులోనే పెట్టుకుని ఊళ్ళు తిరుగుతాయి. వాడికీ, వాళ్ళావిడకీ, పాపకీ ఆ చిన్న బండి సరిపోయేది. ఇప్పుడు గుంటూరు నుంచి అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. డ్రైవర్ నెత్తి మీద ఉండే మంచం ఆవిడ ఎలా ఎక్కుతుంది? అందుకని వర్జీనియాలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 34 అడుగుల బండి చూశాడు. "మామా, తీసుకురావడానికి నువ్వూ రా" అన్నాడు. వెళ్ళాను.

తాళాలు చేతికొచ్చాక వాడు సీట్లో కూర్చుని పది నిమిషాలు స్టార్ట్ చెయ్యలేదు. "ఇది నేను నడపగలనా?" అన్నాడు. వాడి జేబులో ఉన్నది మామూలు కారు లైసెన్స్. లోడుతో కలిపి పది టన్నుల దాకా బరువుండే బండి అది. ఆ లైసెన్స్‌తో దాన్ని హైవే ఎక్కించొచ్చు, చట్టం ఏమీ అనదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 26,000 పౌండ్ల లోపు మోటార్‌హోమ్‌కి కారు లైసెన్స్ చాలు. అది దాటితే టెక్సాస్ లాంటి చోట్ల క్లాస్ బి కావాలి. కాలిఫోర్నియాలో పొడవు 40 అడుగులు దాటితే వేరే లైసెన్స్. అంతకంటే తక్కువయితే? ఎవరూ అడగరు.

ఇది ఇలా ఎందుకయ్యింది అని నాకు డౌట్ వచ్చింది. వెనక్కి వెళ్తూ వెళ్తూ 1885 దగ్గర ఆగాను.

ఆ సంవత్సరం ఇంగ్లండ్‌లో గోర్డన్ స్టేబుల్స్ అని ఒకాయన, నేవీలో డాక్టర్‌గా చేసి రిటైరయి పిల్లల సాహస కథలు రాసుకుంటున్నాయన, బ్రిస్టల్‌లో రైలు పెట్టెలు తయారుచేసే కంపెనీకి ఒక ఆర్డర్ ఇచ్చాడు. చక్రాల మీద ఇల్లు కావాలి అని. పేరు 'వాండరర్'. మంచి ఖరీదైన చెక్క, పుస్తకాల అలమర, దాదాపు రెండు టన్నుల బరువు, లాగడానికి రెండు గుర్రాలు. లండన్‌కి పడమరగా ఉన్న ట్వైఫర్డ్ అనే ఊరి నుంచి స్కాట్లండ్‌లో ఇన్వర్నెస్ వరకు 1,300 మైళ్ళు వెళ్ళాడు. వెంట ఒక కుక్క, ఒక చిలకలాంటి పక్షి కూడా. మరుసటి ఏడాది దాని మీద పుస్తకం రాశాడు. సరదా కోసం కట్టిన మొదటి కారవాన్ ఇదే అని చరిత్ర పుస్తకాలు చెప్తాయి.

ఇక్కడ 'సరదా కోసం' అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చక్రాల ఇంట్లో బతకడం ఈయన కనిపెట్టింది కాదు. యూరప్‌లో రోమా ప్రజలు అప్పటికే అలాగే బతుకుతున్నారు. వాళ్ళ భాష మూలాలు ఉత్తర భారతంలో ఉన్నాయని భాషా శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. వాళ్ళ బండ్లు చూసే ఈయనకి ఆశ పుట్టింది. వాళ్ళు ఊరి బయట దిగితే పోలీసులు తరిమేవాళ్ళు. అదే పని డబ్బున్న దొర చేస్తే 'జెంటిల్‌మన్ జిప్సీ' అని ముద్దుగా పిలిచారు. సంచార కులాల వాళ్ళని మన దగ్గర ఎలా చూశారో తెలిసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ కనిపించదు.

సరే, అసలు విషయం. స్టేబుల్స్ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది ఆయన కాదు, ఆయన నౌకరు. అంత పెద్ద బండి పల్లెటూరి సన్నటి దారుల్లో వస్తుంటే ఎదురొచ్చేవాళ్ళకి తెలియాలి కదా? అందుకని ఆ నౌకరు మూడు చక్రాల సైకిల్ తొక్కుకుంటూ బండికి ముందు వెళ్ళేవాడు. "వెనక పెద్ద బండి వస్తోంది, జరగండి" అని చెప్పడం ఆయన డ్యూటీ. అంటే మొదటి రోజు నుంచే ఇది ఒక్కడు నడిపే బండి కాదు. పగ్గాలు ఒకరి చేతిలో, దారి చూపేది ఇంకొకరు.

మోటారు వచ్చాక ఆ మనిషి మెల్లగా మాయమయ్యాడు. అదే ఇవాళ్టి కథ.

1910లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పియర్స్ యారో కంపెనీ 'టూరింగ్ లాండో' అనే కారు చూపించింది. వెనక సీటు పరిస్తే మంచం, చెయ్యి కడుక్కోవడానికి మడత సింకు, ఒక టాయిలెట్ కుండ. వెనక కూర్చున్న ఓనరు ముందున్న డ్రైవర్‌తో మాట్లాడటానికి టెలిఫోన్ కూడా. డబ్బున్నవాడి బండి కాబట్టి నడపడానికి జీతగాడు ఉన్నాడు. ఓనరు నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

1915లో రోలాండ్ కాంక్లిన్ అనే వ్యాపారి ఇంకో మెట్టు ఎక్కాడు. ఆయనకి బస్సుల కంపెనీ ఉంది. తన కుటుంబం కోసం 25 అడుగుల, ఎనిమిది టన్నుల బండి చేయించాడు. కరెంటు జనరేటరు, పూర్తి వంటగది, రైల్లోలా బెర్తులు, పైకప్పు మీద ఒక చిన్న తోట! న్యూయార్క్ దగ్గర హంటింగ్టన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో చేరడానికి రెండు నెలలు పట్టింది. అప్పట్లో ఊరు దాటితే తారు రోడ్డే అరుదు. వానొస్తే ఎనిమిది టన్నులు బురదలో ఏమవుతాయో మీరే ఊహించుకోండి.

ఇవన్నీ ఒక్కొక్కరు ముచ్చటపడి చేయించుకున్నవి. షోరూమ్‌కి వెళ్ళి కొనుక్కునే సరుకు కావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. మిషిగన్ రాష్ట్రంలో రే ఫ్రాంక్ అనే ఆయన 1950ల చివర్లో సొంత కుటుంబం కోసం ఒక బండి కట్టుకున్నాడు. చూసినవాళ్ళందరూ మాకూ కావాలన్నారు. 1961 నుంచి డాడ్జ్ ఛాసిస్ మీద అమ్మకానికి చేశాడు. 'మోటార్ హోమ్' అనే మాట ఆయన పెట్టిందే అంటారు.

అయోవా రాష్ట్రంలో ఫారెస్ట్ సిటీ అని చిన్న వ్యవసాయ పట్టణం. వ్యవసాయం దెబ్బతిని కుర్రాళ్ళు ఊరొదిలి పోతున్నారు. జాన్ హాన్సన్ అనే లోకల్ ఫర్నిచర్ వ్యాపారి, ఊరి పెద్దలు కలిసి 1958లో కాలిఫోర్నియా కంపెనీ ఒకదాన్ని ఒప్పించి అక్కడ ట్రైలర్ ఫ్యాక్టరీ పెట్టించారు. అది తడబడితే ఊరివాళ్ళే కొనేసి హాన్సన్‌కి అప్పగించారు. అదే విన్నెబాగో. 1966లో వాళ్ళు మోటార్‌హోమ్‌లని కార్లలాగా అసెంబ్లీ లైన్ మీద చెయ్యడం మొదలుపెట్టారు. ధర మిగతావాళ్ళ దాంట్లో దాదాపు సగం. మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు, అమెరికాలో ఏ మోటార్‌హోమ్‌నైనా విన్నెబాగో అనేవాళ్ళు.

సరిగ్గా ఇక్కడే ఓనరు సీటులోకి మామూలు మనిషి వచ్చాడు. టీచరు, రైతు, రిటైరైన గుమాస్తా. జీతగాడు లేడు, ముందు సైకిల్ లేదు. కారు నడపడం వస్తే చాలు అని చెప్పి అమ్మారు. నా ఉద్దేశంలో అమ్మకం పెరగడానికి ఆ మాట ధర ఎంత పని చేసిందో అంతా చేసింది.

తర్వాత బండి పెరుగుతూనే పోయింది. మధ్యలో 1973 పెట్రోల్ సంక్షోభం గట్టి దెబ్బ కొట్టింది. చాలా కంపెనీలు మూతపడ్డాయి. జనరల్ మోటార్స్ అదే ఏడాది ఎంతో ముచ్చటగా తెచ్చిన మోటార్‌హోమ్ 1978తో ఆగిపోయింది. కానీ 1982లో కొత్త చట్టం వచ్చి పెద్ద హైవేల మీద లారీలూ బస్సుల వెడల్పుని 96 అంగుళాల నుంచి 102కి పెంచింది. తర్వాత మోటార్‌హోమ్‌లు కూడా అదే దారి పట్టాయి. 1990లో ఇండియానా రాష్ట్రం న్యూమార్ కంపెనీ స్లైడ్ అవుట్ తెచ్చింది. బండి ఆగాక బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి హాలు వెడల్పవుతుంది. ఇల్లు పెద్దదయ్యింది, బరువూ పెరిగింది. లైసెన్స్ మాత్రం అదే.

మనకీ ఒక బండి కథ ఉంది. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యాన్‌ని మార్పించి, చైతన్య రథం అని పేరు పెట్టి రాష్ట్రమంతా తిరిగారు. ప్రచారం, మకాం అన్నీ అందులోనే. ఎక్కువగా నడిపింది కొడుకు హరికృష్ణ. గమనించారా, అక్కడ పైన మాట్లాడే మనిషి వేరు, స్టీరింగ్ పట్టిన మనిషి వేరు, దారి చూపేది ఊరి జనం. స్టేబుల్స్ బండి లెక్కే.

మళ్ళీ వర్జీనియాకి వద్దాం. మావాడు ధైర్యం చాలక గుంటూరుకి వీడియో కాల్ చేశాడు. వాళ్ళ నాన్నగారు ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఫోన్‌లో కేబిన్ అంతా చూపించమన్నారు. రెండు సీట్ల మధ్య ఇంజన్ మీద పెద్ద మూత కనిపించగానే నవ్వారు. "ఇది మన పాత బస్సేరా. కాలికి వేడి కొడుతుంది చూడు" అన్నారు. కొట్టింది.

తర్వాత ఆయన చెప్పిన మాట ఏ యూజర్ మాన్యువల్‌లోనూ అంత సూటిగా లేదు. "నువ్వు ముందు టైరు కంటే ముందు కూర్చున్నావు. కార్లో టైరు నీ ముందుంటుంది, ఇక్కడ నీ వెనకుంది. మలుపులో నీ సీటు రోడ్డు మధ్యకి వెళ్ళిపోయిందని భయం వేసేదాకా స్టీరింగ్ తిప్పకు. తిప్పాక అద్దంలో వెనక టైరునే చూడు. ముందుది తన సంగతి తను చూసుకుంటుంది."

ఇంటర్‌స్టేట్ 85 మీద వచ్చేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిన్నటి రోడ్డు. తప్పు జరిగింది పెట్రోల్ బంకులో. పెట్రోల్ పోయించుకుని కుడికి కోశాడు. ఈ బండికి వెనక ఇరుసు తర్వాత ఇంకా పదకొండు అడుగులు ఉంది. ముక్కు కుడికి తిరిగితే తోక ఎడమకి ఊగుతుంది. పంపు పక్కన ఉన్న ఇనుప స్తంభం మా పెయింటుని పొడుగ్గా గీరింది. తప్పు వాడిది కాదు, నాది. నేను కిందకి దిగి వెనక నిలబడాలి. ఫోన్ చూసుకుంటూ లోపలే కూర్చున్నాను.

డర్హమ్ దగ్గరకొచ్చేసరికి మ్యాప్ యాప్ ఊళ్ళోంచి షార్ట్‌కట్ చూపించింది. గ్రెగ్సన్ స్ట్రీట్. మీలో కొందరికి ఆ వీడియోలు ఫీడ్‌లో వచ్చే ఉంటాయి, ట్రక్కుల నెత్తి ఊడదీసే రైలు బ్రిడ్జి. 1940లో కట్టినప్పటి నుంచి దాని ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు. లైట్లు పెట్టారు, బోర్డులు పెట్టారు, అయినా గుద్దుతూనే ఉన్నారు. 2019లో రైల్వేవాళ్ళు ఎనిమిది అంగుళాలు పైకి లేపారు, 12 అడుగుల 4 అంగుళాలయ్యింది. ఇప్పటికీ గుద్దేవాళ్ళు ఉన్నారు. మా బండి ఎత్తు, పైన ఏసీతో కలిపి, 12 అడుగుల 6 అంగుళాలు. కారు యాప్‌కి మన నెత్తి మీద ఏముందో తెలియదు. పాత ఓనరు డాష్‌బోర్డు మీద ఎత్తు రాసి టేప్‌తో అంటించాడు. ఆ చిన్న కాగితం చూసి వేరే దారి పట్టాం.

ఇక బకెట్లు. ఆదివారం స్కూల్ పార్కింగ్‌లో రోడ్డు మలుపులాగా పేర్చి, బాటిల్‌తో నేల మీద నీళ్ళ గీత గీశాం. ఆ గీతకి బండిని ఆనించి నిలబెట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిపితే తోక గీత ఎంత దాటుతుందో కంటికి కనిపిస్తుంది. మూడున్నర అడుగులు! ఒకసారి చూశాక ఎవరూ మర్చిపోరు. రివర్స్‌కి ఒకటే రూల్ పెట్టుకున్నాం. వెనక నిలబడ్డ మనిషి అద్దంలో కనపడకపోతే బ్రేక్. కెమెరా ఉన్నా సరే. కెమెరా కిందకి చూస్తుంది, చెట్టు కొమ్మని చూడదు.

మొదటి గంటలో ఆరు బకెట్లు పోయాయి. మధ్యాహ్నానికి ఒకటి. సాయంత్రం వాళ్ళావిడ నడిపింది, ఒక్కటీ పోలేదు. ఆ విషయం మావాడు ఒప్పుకోడు, అది వేరే సంగతి.

చీకటి పడ్డాక బండి పెట్టే యార్డులో వెనక్కి తీస్తుంటే గుంటూరులో తెల్లవారుజాము. నాన్నగారు నిద్ర లేచి కాల్‌లోకి వచ్చారు. ఫోన్ నా చేతిలో, నేను బండి వెనక. ఆయన చూస్తూ "రానీ... రానీ... కొంచెం ఎడమ... రానీ" అంటున్నారు, నేను అదే గట్టిగా అరుస్తున్నాను, మావాడు అద్దంలో నన్ను చూసుకుంటూ వస్తున్నాడు. కంచెకి రెండు అడుగులు ఉందనగా ఆయన "హోల్డాన్" అని పెట్టిన కేకకి పక్క బండిలో కుక్క మొరిగింది.

వాళ్ళు వచ్చే నెల దిగుతున్నారు. మొదటి ట్రిప్‌కి నన్నూ రమ్మన్నారు. నా సీటు ఎక్కడ అని అడిగితే, "నీకు సైకిల్ కొంటాంలే" అన్నాడు మావాడు. సరే మరి, వచ్చే ఆదివారం కలుద్దాం.