రేకుల కప్పు కింద

సూర్యాపేట నుంచి కోదాడ చేరి, అక్కడ మళ్లి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయేవారికి దారి పొడుగునా కనిపించేవి రైసుమిల్లులూ, సిమెంటు రేకుల కప్పులూ. మిల్లుకూ, కోళ్లఫారానికీ, అక్కడక్కడ బడికీ అదే రేకు. పూరికప్పు పోయి రేకు వచ్చినప్పుడు మనవాళ్లు దాన్ని పురోగతిగానే లెక్కవేశారు. ఆ లెక్క పూర్తిగా తప్పని నేననను. చినుకు కారని గదిలో కూర్చుని అక్షరాలు దిద్దిన మొదటి తరం పిల్లల్లో చాలామంది ఆ రేకు కిందివారే. వారిలో నేనొకణ్ణి. పగిలిన రేకు ముక్క మాకు తొక్కుడుబిళ్ల.

ఆ రేకులో సిమెంటుతో కలిపినది రాతినార, అంటే ఆస్బెస్టాస్. రేకు చెక్కుచెదరనంతకాలం నార చాలావరకు సిమెంటులోనే కట్టుబడి వుంటుంది. పగలగొట్టినా, రంపంతో కోసినా, యేళ్లతరబడి యెండకూ వానకూ పైపొర చివికినా, కంటికి ఆనని పోగులు గాలిలో కలుస్తాయి. ఆ పోగుల వల్ల వూపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథిలియోమా అనే కాన్సరు బయటపడడానికి 30, 40 యేళ్లు కూడా పట్టవచ్చు. పదో యేట పీల్చిన దుమ్ముకు యాభయ్యో యేట మూల్యం చెల్లించవలసి వస్తే, ఆ మనిషి యెవరి మీద దావా వేయాలి?

చరిత్రలో దీనికి జవాబు వెదికితే ముందు యెదురయ్యేవాడు కార్మికుడు, పిల్లవాడు కాదు. లూసీ డీన్ అనే ఫాక్టరీ ఇన్‌స్పెక్టరు యీ దుమ్ము సంగతి బ్రిటిషు ప్రభుత్వానికి 1898లోనే రాసింది. దుమ్మును అదుపుచేసే నిబంధనలు 1931లో వచ్చాయి. మనదేశంలో కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రిసెర్చ్ సెంటర్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పు చెప్పింది: కార్మికుని ఆరోగ్యం ప్రాథమిక హక్కు, అతని ఆరోగ్య రికార్డును 40 యేళ్లు, లేదా పని మానిన తర్వాత 15 యేళ్లు, యేది తరువాత వస్తే అంతవరకు భద్రపరచాలి, జబ్బు రుజువైనవారికి లక్ష రూపాయలివ్వాలి. మంచి తీర్పే. కాని అది మస్టరులో పేరున్నవాని తీర్పు. బడిపిల్లవాని పేరుండేది హాజరుపట్టీలో.

గోడ అవతలివారికి న్యాయం ఆలస్యంగా అందింది. లీడ్స్ నగరంలో ఆర్మ్‌లీ అనే పేట వుంది. అక్కడి రాతినార కర్మాగారపు దుమ్ములో చిన్నప్పుడు ఆడుకున్న జూన్ హాంకాక్ 1995లో ఆ కంపెనీ మీద గెలిచింది. యజమాని బాధ్యత ఫాక్టరీ గోడ దగ్గర ఆగిపోదని కోర్టు తేల్చింది. ఆమె తల్లి 1982లో, ఆమె 1997లో అదే జబ్బుతో పోయారు.

బడి కేసు ఇంకా తరువాతిది. లివర్‌పూల్ పక్కన 1970లలో వొక ప్రభుత్వ పాఠశాలలో చదివిన డయాన్ విల్మోర్‌కు 2007లో జబ్బు బయటపడింది. ఆమె పీల్చినది బహుస్వల్పమనీ, దానివల్లనే జబ్బు వచ్చిందని రుజువు లేదనీ స్థానిక కౌన్సిలు వాదించింది. యే పోగు వల్ల జబ్బు పుట్టిందో యే వైద్యుడూ చెప్పలేడు. ప్రమాదాన్ని చెప్పుకోదగినంత పెంచితే చాలునని బ్రిటన్ సుప్రీంకోర్టు 2011 మార్చి 9న నిలబెట్టింది. 2,40,000 పౌన్ల పరిహారం ఖాయమైంది. విల్మోర్ మాత్రం 2009లోనే చనిపోయింది.

అదే 2011 జనవరిలో మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ నిషేధం కోరిన పిటిషన్‌ను కొట్టివేసింది. దాని వెనుక పోటీ సరుకు తయారుచేసేవారి లాభం వున్నదని శంకించింది. శంకకు ఆధారం వుండవచ్చు. అంతమాత్రాన నార మెత్తబడదు గదా! 1999లో బ్రిటన్ పూర్తిగా మానుకున్న యీ నారను మనం దిగుమతి చేసుకుంటూనే వున్నాం.

అయితే మన తల్లిదండ్రులకు దారి లేదా? వుంది, ఇరుకైనది. 1963 నాటి కాలపరిమితి చట్టం మైనరుకు మేజరయ్యేవరకు గడువు ఆపుతుంది. తరువాత మామూలుగా మూడేళ్లు. అంటే ఇరవైవొకటో యేటికి తలుపు మూసుకుంటుంది. కాని అదే చట్టం 23వ సెక్షను, హాని జరిగితే తప్ప దావాహక్కు పుట్టని పనుల విషయంలో, హాని కలిగిన నాటినుంచే గడువు లెక్కించమంటుంది. నలభైయేళ్ల తరువాత బయటపడే జబ్బుకు యీ సెక్షనే ఆసరా. ఆనాటికి బడి వుండాలి, రికార్డు వుండాలి, రోగి బతికి వుండాలి.

అందుచేత పరిహారం కంటే కప్పు దింపించే దావా ముఖ్యమని నా అభిప్రాయం. 2004లో కుంభకోణంలో బడి తగులబడి 90 మందికి పైగా పసివాళ్లు మాడిపోయిన మీదట, 2009 ఏప్రిల్ 13న అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు విద్యాహక్కులో భద్రమైన బడి కూడా ఇమిడివుందన్నది. ఆ యేడే కేరళ మానవహక్కుల కమిషను ప్రభుత్వ బడుల ఆస్బెస్టాస్ కప్పులు తీసి పెంకులు వేయమని ఆదేశించింది. యీ రెండింటినీ చేతబట్టుకుని 226వ అధికరణం కింద తెలంగాణ హైకోర్టుకు పోవచ్చు; బాలల హక్కుల కమిషనుకు అర్జీ పెట్టవచ్చు. దానికి వకీలైనా అక్కరలేదు.

రేకు కింద కూర్చునేది మిల్లు హమాలీ కొడుకు, కౌలురైతు కూతురు. వారి పక్షాన ఉపాధ్యాయ సంఘం సమాచారహక్కు కింద మూడు కాగితాలు అడగవచ్చు: రేకు యే యేట వేశారు, యెప్పుడు మరమ్మతు చేశారు, ఆ గదిలో యే తరగతి కూర్చున్నది. కార్మికుని రికార్డుకు కోర్టు 40 యేళ్లు ఇచ్చింది. మన బడి బీరువాలోని హాజరుపట్టీ చెదలు పట్టేదాకా వుంటుంది.