కాపాడిన ఓడ ఎక్కడికెళ్లాలి?

ఈరోజు ఓడల కథ చెప్తాను. యుద్ధనౌకలు కాదు, మామూలు సరుకు ఓడలు.

1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది, వియత్నాం యుద్ధం ముగిసింది. తర్వాతి ఏళ్లలో లక్షల మంది పడవలెక్కి దేశం వదిలేశారు. చాలావరకు చిన్న చేపల పడవలే. దక్షిణ చైనా సముద్రం ముందు అవేం ఆగుతాయి? ఇంజిన్ చెడిపోయేది, మంచినీళ్లు అయిపోయేవి, సముద్రపు దొంగలు మీద పడేవాళ్లు.

ఇప్పుడు మీరే ఒక సరుకు ఓడ కెప్టెన్ అనుకోండి. దూరంగా పడవలోంచి ఎవరో చొక్కా ఊపుతున్నారు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లని కాపాడాల్సిందేనని సముద్ర చట్టం చెప్తుంది. సరే, ఎక్కించుకున్నారు. ఎక్కడ దించుతారు? వాళ్లని ఏ దేశం తీసుకోవాలో మాత్రం ఆ చట్టం చెప్పలేదు. నా లెక్కలో అసలు చిక్కంతా ఇక్కడే.

1977 జూన్‌లో యువాలి అనే ఇజ్రాయెల్ ఓడ 66 మందిని కాపాడింది. దారిలో రేవులు వాళ్లని దించనివ్వలేదు. చివరికి కొత్తగా ప్రధాని అయిన మెనాహెం బెగిన్ వాళ్లని తన దేశంలోకే రానిచ్చాడు. ఆ 66 మంది అదృష్టం అది. మరి ఓడ మీద ఎగిరే జెండా పనామాదో లైబీరియాదో అయితే? జెండా ఆ దేశానిదే, యజమాని ఇంకెక్కడో ఉంటాడు. ఆ దేశాలు శరణార్థులను తీసుకోవు. సింగపూర్ ఏమో, 90 రోజుల్లో వీళ్లని ఎవరో ఒకరు తీసుకెళ్తారని హామీ ఇస్తేనే దించనిస్తానంది. హామీ వచ్చేదాకా ఓడ ఆగాలి, ఆగినన్నాళ్లూ యజమానికి నష్టం. దాంతో కొందరు కెప్టెన్లు చూసీ చూడనట్టు వెళ్లిపోయారు. వాళ్లు చేసింది ఘోరమే. కానీ ఆ ఘోరానికి దారి వేసింది ఒడ్డున కూర్చున్నవాళ్లు.

1979 జులైలో జెనీవాలో 65 దేశాలు సమావేశమయ్యాయి. తీసుకుంటామన్న శరణార్థుల సంఖ్య 1,25,000 నుంచి 2,60,000కి పెరిగింది. ఆ రోజుల్లోనే డిసెరో అనే పథకం మొదలైంది. అమెరికాతో సహా ఎనిమిది దేశాలు కలిసి ముందే మాటిచ్చాయి: శరణార్థులను తీసుకోని దేశాల జెండాతో తిరిగే ఓడ ఎవరిని కాపాడినా, వాళ్లకి చోటు మేం చూస్తాం అని. అంతే. కొత్త ఓడలు పెట్టలేదు, కొత్త చట్టం తేలేదు. 1985లో దానికి తోడుగా రాస్రో వచ్చింది. 1975 నుంచి 1990 దాకా సముద్రంలో కాపాడిన వియత్నామీలు 67,000 మందికి పైనే.

ఇదంతా జాలితోనే చేశారనుకోకండి. ప్రచ్ఛన్న యుద్ధం రోజులు, కమ్యూనిస్టు దేశం వదిలి వచ్చినవాళ్లంటే పశ్చిమ దేశాలకు రాజకీయంగా కూడా పనికొచ్చేది. 1989లో గాలి మారింది. వచ్చినవాళ్లు నిజంగా శరణార్థులేనా అని ముందు విచారణ చేయాలన్నారు. అందరికీ చోటు ఖాయం అన్న హామీ పోయింది, దాంతో ఆ పథకాలూ పోయాయి.

పన్నెండేళ్లకి, 2001 ఆగస్టులో, టాంపా అనే నార్వే సరుకు ఓడ హిందూ మహాసముద్రంలో 430 మందికి పైగా కాపాడింది. ఎక్కువమంది ఆఫ్ఘన్లు. వెళ్లి కాపాడమని రేడియోలో పిలిచింది ఆస్ట్రేలియానే. తీరా ఓడ క్రిస్మస్ ద్వీపం దగ్గరికొస్తే, ఓడ మీదికి సైనికులను పంపిందీ ఆస్ట్రేలియానే. చివరికి కొందరిని న్యూజిలాండ్ తీసుకుంది, మిగతావాళ్లని నౌరు అనే చిన్న ద్వీప దేశానికి పంపారు. ఆ నౌరు కథ చాలా పెద్దది, వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.