నలుపు తెలుపుల చిత్రమునకు రంగెక్కడిది?

ఇటీవల మా కార్యాలయములోని ఒక పాత సామూహిక ఛాయాచిత్రమును స్కాన్ చేయించి, ప్రతి యొకటి తీయించితిమి. కంప్యూటర్ తెరపై నిర్మలమైన నలుపు తెలుపులుగా నున్న చిత్రము కాగితముపైకి వచ్చుసరికి లేతపచ్చగా మారినది. వైణికుని తెల్లని ఉత్తరీయమునకు నాచు పట్టినట్లుండెను. రంగే లేని చిత్రమునకు రంగెక్కడిదని మిత్రులు నవ్విరి. ప్రశ్న చిన్నదే కాని దానికి చరిత్ర కలదు.

ఛాయాచిత్రకళ తొలినాళ్లలో అచ్చమైన బూడిదవన్నె అరుదు. ఫ్రాన్సు దేశీయుడగు బ్లాంకార్ ఎవ్రార్ 1850లో ప్రకటించిన ఆల్బ్యుమెన్ కాగితముపై కోడిగ్రుడ్డు తెల్లసొన పూతయే వెండి లవణములను పట్టియుంచెడిది. ఎండలో ముద్రపడిన వెండికణములు మిక్కిలి సూక్ష్మములగుటచే చిత్రము ఎర్రని గోధుమవన్నె చూపెడిది. నాటి చిత్రకారులు దానిని బంగారు లవణపు ద్రావణములో నుంచి ఊదాఛాయకు త్రిప్పెడివారు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై హైదరాబాదు వైభవమును చిత్రించిన రాజా దీన్ దయాళ్ కాలపు చిత్రములలో కనబడు వన్నె ఇట్టిదే. అది దోషము కాదు, కావలెనని తెచ్చుకొన్నది. ఏండ్లు గడచినకొలది తెల్లసొన పసుపెక్కుట మాత్రము దోషము. ఈ రెండును ఒకే కాగితముపై కలసియుండుటయే చిక్కు.

బూడిదవన్నెను మూడు రంగులతో కూర్చవలసిన అగత్యమును టెలివిజన్ ఇంటింటికి తెచ్చినది. అమెరికాలో 1953లో ఆమోదము పొందిన రంగుల ప్రసారము పాత నలుపు తెలుపు సెట్లకును పనికిరావలసియుండెను. అందుచే ఎరుపు 30, ఆకుపచ్చ 59, నీలము 11 పాళ్లుగా కలిపి వెలుగు సంకేతమును నిర్మించిరి. మన కన్నునకు ఆకుపచ్చయే అధిక ప్రకాశముగ తోచును గదా. నలుపు తెలుపు కార్యక్రమము వచ్చినపుడు తెరపై రంగుల చుక్కలు చెదరకుండ, రంగు విభాగమును మూసివేయు సర్క్యూటు నొకదానిని సెట్టులో అమర్చిరి. ఇంజనీర్లు దానికిడిన పేరు 'కలర్ కిల్లర్'. మేలుచేయు పరికరమునకు హంతక నామమేల యని మాకు ఇప్పటికిని వింతయే. అయినను ఆనాటి రంగుల తెరకు వెనుకనున్న మూడు ఎలక్ట్రాన్ తుపాకులలో ఒకటి బలహీనపడినచో ఈ హంతకుడేమియు చేయజాలడు. సంకేతములో రంగు లేకున్నను తెర రంగుబారును.

కంప్యూటరునకు చిత్రమనగా అంకెల పట్టిక. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఛాయాచిత్రమును 176 వరుసలు, వరుసకు 176 బిందువులుగా యంత్రమున కెక్కించెను. నేటి వాడుకలో ఒక్కొక్క బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు 0 నుండి 255 వరకు మూడంకెలుండును. మూడును సమానమైనచో బూడిదవన్నె. 136, 128, 118 అయినచో గోధుమఛాయ. టెలివిజన్ పాళ్లతో వీనిని కలిపిన 129 వచ్చును. దానినే మూడు చోట్లను నిలిపినచో ఛాయ తొలగును.

పాత చిత్రములకు మాత్రము ఇంత సులువు చాలదు. పసుపు మరక తెల్లని భాగములందు గాఢముగను, నల్లని భాగములందు స్వల్పముగను ఉండును. తెలుపును జూచి అంతటను ఒకే తీరున సవరించితిమా, నీడలు నీలిబారును. కలిపి ఒకే పొర చేసితిమా, రంగు పోవునుగాని మరకలు నల్లమచ్చలై నిలుచును. పసుపు మరక నీలపు పొరలో నల్లగా కనబడును, ఎరుపు పొరలో దాదాపు కనబడదు. కావున అనుభవజ్ఞులు ఎరుపు పొర నొక్కదానినే గైకొని చిత్రమును నిలుపుదురు. మేము స్వయముగ చేసి చూచితిమి. ముఖముపైనున్న మరక మాయమైనది. అయితే ఈ ఉపాయములన్నియు మరకతోబాటు బంగారపు ఊదాఛాయను గూడ తుడిచివేయును. మార్చిన ప్రతిని మాత్రముంచి తొలి స్కానును చెరిపివేసినచో ఆ వన్నె ఎట్లుండెనో ఆ ఫైలునుండి మరల తెలియదు. భద్రపరచువారు పలువురు ఈ పొరపాటు చేయుచున్నారని మా భయము.

ఇక మా పచ్చని ఉత్తరీయము. ఫైలును తెరచి చూడగా మూడంకెలును సమానముగనే యున్నవి. దోషము ముద్రణయంత్రమున నున్నది. బూడిదవన్నెను అది మూడు రంగుల సిరాలు కలిపి కూర్చుచున్నది. ఆ మిశ్రమము ట్యూబులైటు క్రింద ఒకతీరున, ఎండలో వేరొకతీరున కనబడుచున్నది. నల్లసిరా నొక్కదానినే వాడుడని చెప్పి మరల తీయించితిమి. వైణికుని ఉత్తరీయము తెల్లబడినది. పసుపెక్కిన మూలచిత్రమును యథాతథముగ బీరువాలో భద్రపరచితిమి.