హికరీ కర్ర నుంచి హైస్పీడ్ కెమెరా దాకా: గోల్ఫ్ స్వింగ్ లయపై ఒక సింహావలోకనం

గోల్ఫ్ నేర్చుకోవడానికి వెళ్లినవారికి ముందుగా వినిపించే సలహా “మెల్లగా”. బంతి పక్కకు పోయినా మెల్లగా, క్లబ్బు నేలను తవ్వినా మెల్లగా. స్కాట్లాండ్‌లో విక్టోరియా రాణి కాలం నాటికే “వెనక్కి మెల్లగా” అన్నది గురువుల నోట నానిన సూత్రం. ఆ తర్వాత కర్ర మారింది, బంతి మారింది, కెమెరాలొచ్చాయి, కొలిచే యంత్రాలొచ్చాయి. సలహా మాత్రం అలాగే ఉంది. ఈ శతాబ్దంన్నర కథను తిరగేస్తే ఒక సంగతి తేలుతుంది. పాతవాళ్లు లోపాన్ని సరిగ్గానే పసిగట్టారు, దిద్దుబాటును మాత్రం సగమే చెప్పారు. మంచి స్వింగ్‌లో నిదానం కంటే ముఖ్యమైనవి రెండున్నాయి. క్లబ్బును ఎత్తడానికీ దించడానికీ పట్టే కాలాల మధ్య పొంతన ఒకటి, ఒంట్లో భాగాలు కదిలే వరుస రెండోది.

కథ హికరీతో మొదలుపెట్టాలి. 19వ శతాబ్దంలో క్లబ్బు కాడను ఈ చెక్కతో చేసేవారు. హికరీ వంగుతుంది, మెలి కూడా తిరుగుతుంది. పైనుంచి ఒక్క ఉదుటున లాగితే కాడ మెలిపడి, క్లబ్బు ముఖం తెరుచుకుపోయి, బంతి కుడికి కొట్టుకుపోతుంది. తొందరపడ్డవాణ్ని కర్రే శిక్షించేది. అందుకే ఆ తరం స్వింగ్ పొడవుగా, గుండ్రంగా ఉండేది. క్లబ్బు పైకి పోతుంటే తుంటి ధారాళంగా తిరిగేది, ఎడమ మడమ నేల విడిచి లేచేది. ఆ మడమను తిరిగి నేలకు ఆనించడంతోనే దెబ్బ మొదలయ్యేది. కింది నుంచి పైకి కదలాలన్న వరుసను ఎవరూ విడిగా నేర్పనక్కర్లేకపోయింది. 1896కీ 1914కీ మధ్య ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన హ్యారీ వార్డన్ ఈ బడిలోనే ఎదిగాడు. 1930లో ఆనాటి నాలుగు పెద్ద టోర్నీలనూ ఒకే ఏడాది గెలిచిన బాబీ జోన్స్ చేతిలో ఉన్నదీ హికరీయే. మరుసటి ఏడాది జోన్స్ వార్నర్ బ్రదర్స్ కోసం పాఠాల చిత్రాలు చేశాడు. వాటిలోని స్లో మోషన్ దృశ్యాలను శ్రద్ధగా చూస్తే, చేతులింకా వెనక్కి పోతుండగానే తుంటి ముందుకు తిరగడం కనిపిస్తుంది. కంటికి మందకొడిగా కనిపించే ఆ స్వింగ్‌లో అసలు రహస్యం ఆ క్షణంలోనే ఉంది.

ఈ లయను ఒట్టి చేతిరుమాలుతో నేర్పిన గురువు ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండ్‌కు చెందిన ఎర్నెస్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో మోకాలి కింద కుడికాలు పోగొట్టుకున్నాడు. ఒంటికాలి మీద నిలబడి కూడా మంచి స్కోర్లు చేయడంతో, ఆటకు మూలం కాళ్లలో కాదు, క్లబ్బు తలను ఊపడంలో ఉందని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. తర్వాత అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో పాఠాలు చెప్పాడు. చేతిరుమాలు ఒక మూలకు జేబుకత్తి కట్టి, రెండో మూల పట్టుకుని ఊపి చూపేవాడు. సాఫీగా ఊపినంతసేపూ గుడ్డ బిగువుగా నిలుస్తుంది, కత్తి వలయంలో తిరుగుతుంది. మధ్యలో చేతిని విసురుగా లాగారో, గుడ్డ నలిగి కత్తి దారి తప్పుతుంది. బలవంతం ఎక్కడ మొదలైందో శిష్యుడి కంటికే కనిపించేది. 1937లో వచ్చిన ఆయన పుస్తకం ‘స్వింగింగ్ ఇంటు గోల్ఫ్’ సారమంతా ఇదే.

అప్పటికే కర్ర మారిపోయింది. ఉక్కు కాడలకు 1924లో అమెరికా గోల్ఫ్ సంఘం, 1929లో సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ అనుమతినిచ్చాయి. 1931లో బిల్లీ బర్క్ ఉక్కు కాడలతో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఉక్కు పెద్దగా మెలి తిరగదు, కాబట్టి కాడ సర్దుకునేదాకా ఆగాల్సిన పని లేదు. బైరన్ నెల్సన్ మణికట్ల ఆర్భాటం తగ్గించి, కాళ్లనూ తుంటినీ ముందుంచి కొట్టాడు. 1945లో ఆయన గెలిచినవి 18 టోర్నీలు, అందులో 11 వరసగా. క్లబ్బులను, బంతులను పరీక్షించే యంత్రానికి ‘ఐరన్ బైరన్’ అని పేరుపెట్టారంటే ఆ స్వింగ్ ఎంత నిలకడైనదో తెలుస్తుంది. అయితే ఉక్కుతో ఒక నష్టమూ జరిగింది. తొందరపాటును పట్టించే కర్ర పోయింది. మడమ లేపనక్కర్లేదన్న పాఠాలు వచ్చాక, కిందినుంచి మొదలుపెట్టాలని గుర్తుచేసే అడుగూ పోయింది. వరుసను ఇక మాటల్లో చెప్పాల్సి వచ్చింది.

ఆ పని చేసినవాడు బెన్ హోగన్. 1957లో వచ్చిన ‘ఫైవ్ లెసన్స్’లో ఆయన, దించడం తుంటితోనే మొదలవ్వాలని తేల్చి చెప్పాడు. చేతులు ముందా, ఒళ్లు ముందా అన్న తగువు అక్కడ ముదిరింది. ఎర్నెస్ట్ జోన్స్ బాటలో నడిచినవాళ్లు క్లబ్బును ఊపితే ఒళ్లు దానంతటదే వెంట వస్తుందన్నారు. హోగన్ పక్షం వాళ్లు ఒళ్లు తిప్పితే చేతులే వస్తాయన్నారు. తుంటిని గబగబా తిప్పేసి చేతులు వెనకపడిపోయినవాళ్లూ, చేతులతోనే కొట్టేసి నడుము కదపనివాళ్లూ ఈ తగువులో నలిగిపోయారు.

తగువు తీర్చడానికి ప్రయోగశాల కావాల్సి వచ్చింది. ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1938లోనే స్ట్రోబ్ దీపంతో గోల్ఫ్ ఆటగాడు డెన్నీ షూట్ స్వింగ్‌ను ఒకే ఫొటోలో ముక్కలు ముక్కలుగా పట్టాడు. 1968లో అలస్టేర్ కోక్రన్, జాన్ స్టాబ్స్ రాసిన ‘సెర్చ్ ఫర్ ద పర్‌ఫెక్ట్ స్వింగ్’ వచ్చింది. గోల్ఫ్ సొసైటీ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ చేయించిన శాస్త్ర పరిశోధనల ఫలితమది. భుజాల మధ్య ఒక కీలు, మణికట్ల దగ్గర ఇంకో కీలు ఉన్న జంట లోలకంగా స్వింగ్‌ను అందులో వివరించారు. లోపలి చేయి సరైన వేగంతో తిరిగితే బయటి క్లబ్బు తనంతట తానే బయటికి విసురుకుంటుంది. అంటే ఎర్నెస్ట్ జోన్స్ చెప్పిన సాఫీ ఊపూ నిజమే, ఆ ఊపుకు బలం లోపలినుంచి రావాలన్న హోగన్ మాటా నిజమే.

తర్వాతి తరం ఒంటికి సెన్సర్లు కట్టి చూసింది. ఈ రంగంలో ఫిల్ చీతమ్ పరిశోధనలు, 2003లో మొదలైన టైట్‌లిస్ట్ పర్‌ఫార్మెన్స్ ఇన్‌స్టిట్యూట్ కృషి ముందు చెప్పుకోవాలి. దించేటప్పుడు మొదట తుంటి, తర్వాత ఛాతీ, ఆపైన చేయి, చివర క్లబ్బు గరిష్ఠ వేగాన్ని అందుకోవాలి. అంతే ముఖ్యమైనది, వేగం అందుకున్న ప్రతి భాగమూ వెంటనే నిదానించాలి. అలా నిదానిస్తేనే వేగం పై భాగానికి చేరుతుంది. టూర్ ఆటగాళ్ల డ్రైవర్ క్లబ్బు తల గంటకు 180 కిలోమీటర్లు దాటేది ఇలాగే. కొత్తవాళ్లలో ఎక్కువమందికి భుజమే ముందు కదులుతుంది. క్లబ్బు బయటినుంచి లోపలికి అడ్డంగా వస్తుంది, బంతి కుడికి వంగిపోయే స్లైస్ ఖాయం. ఆ లోపానికి “మెల్లగా” మందు కాదు. తప్పు వరుసను నిదానంగా చేసినా అది తప్పు వరుసే.

పొంతన సంగతి 2004లో తేలింది. జాన్ నోవొసెల్ ‘టూర్ టెంపో’ పుస్తకంలో సెకనుకు 30 ఫ్రేములుండే వీడియోల్లో నిపుణుల స్వింగులు లెక్కపెట్టాడు. ఎత్తడానికి 21 ఫ్రేములైతే దించడానికి 7, 24 అయితే 8, 27 అయితే 9. నిష్పత్తి దాదాపు ఎప్పుడూ 3:1. సంగీతకారుల మాటల్లో చెప్పాలంటే కాలప్రమాణం ఎవరిది వారిదే, తాళం లెక్క మాత్రం ఒకటే. ఇంకో విశేషం, చాలామంది సామాన్య ఆటగాళ్లు ఎత్తడంలో నిపుణులకంటే నిదానం. గురువు మాట విని అతిగా మెల్లగా ఎత్తి, పైన చిక్కుబడి, గాభరాగా దించేస్తారు. యేల్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ గ్రోబర్ దీనికి కారణాన్ని ఒంట్లోనే వెతికాడు. స్ప్రింగుకు కట్టిన బరువులా శరీరానికి సొంత ఊగుడు కాలం ఉంటుందనీ, అందుకే దెబ్బ దూరం తగ్గినా స్వింగ్ కాలం పెద్దగా మారదనీ ఆయన వాదన.

లయ ఒకటైనంత మాత్రాన రూపం ఒకటి కానక్కర్లేదు. పైన మెలిక తిప్పి దించే జిమ్ ఫ్యూరిక్ 2016లో ఒక రౌండ్‌ను 58 దెబ్బల్లో ముగించి పీజీఏ టూర్‌లో రికార్డు నెలకొల్పాడు. పైన క్షణం ఆగినట్టు కనిపించే హిదెకి మత్సుయామా 2021లో మాస్టర్స్ గెలిచాడు. హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఆయన స్వింగూ పుస్తకాల్లోని బొమ్మల్లా ఉండదు.

ఈ చరిత్ర నేటి సాధకుడికి ఇచ్చేది ఏమిటి? పాదాలు దగ్గరగా పెట్టి, క్లబ్బు పైకి పూర్తిగా చేరేలోపే ఎడమ పాదం ముందుకు వేసి కొట్టడం ఇప్పటి శిక్షకులు ఇష్టపడే అభ్యాసం. హికరీ ఆటగాడి మడమ చేసిన పనే అది. ఒకటి, రెండు, మూడు అంటూ ఎత్తి, మరో అంకెలో బంతిని చేరడం నోవొసెల్ లెక్కకు వాడుక రూపం. ఎడ్జర్టన్‌కు ప్రయోగశాల కావాల్సిన కొలత ఇప్పుడు జేబులోని ఫోన్ చేస్తుంది. సెకనుకు 240 ఫ్రేముల్లో తీస్తే 24/8 స్వింగ్ 192/64 అవుతుంది. నిష్పత్తి మూడుకు బాగా పైన తేలితే ఎత్తడం చురుగ్గా సాగాలి. బాగా తక్కువ వస్తే క్లబ్బు పైకి గుంజుకుపోతోందో, కిందికి బద్ధకంగా వస్తోందో చూడాలి. మూడు కుదిరినా బంతి పక్కకే పోతుంటే అదే వీడియోలో ముందు కదిలింది తుంటా, భుజమా అని వెతకాలి. శిక్షకుడు “మెల్లగా” అనే ముందు ఈ రెండూ చూస్తే చాలు.